వేలు చూపిస్తే వడ్డించే హోటల్

ఈ నెల ఉత్తరాల్లో సగం ఫిలిప్పీన్స్ భోజనం గురించే. పిల్లల చదువుల వల్ల, గల్ఫ్ ఉద్యోగాల వల్ల ఆ వంటలు మన సరిహద్దు ఊళ్ల దాకా వచ్చేశాయి.

*ప్రశ్న: మా అబ్బాయి ఎంబీబీఎస్ చదవడానికి దవావో వెళ్తున్నాడు. బయట చవగ్గా తినాలంటే 'కరిందెర్యా'కి వెళ్లమంటున్నారట. అక్కడ మెనూ కార్డు ఉండదట. ఎలా అడగాలి? అన్నం దొరుకుతుందా?*
*— ఒక తల్లి, బరంపురం*

అన్నం గురించి బెంగ వద్దండి. వాళ్లు పొద్దున్న టిఫిన్‌కి కూడా అన్నమే తింటారు. మనకి వడ్లు, బియ్యం, అన్నం అని మూడు మాటలున్నట్టే వాళ్లకీ పాలాయ్, బిగాస్, కానిన్ అని మూడున్నాయి. హోటల్లో అడగాల్సింది కానిన్. బిగాస్ అడిగితే కిరాణా కొట్టు చూపిస్తారు.

కరిందెర్యా మన మెస్ లాంటిదే. అద్దం వెనక ట్రేలు వరసగా ఉంటాయి. కొన్నిచోట్ల మూత పెట్టిన గిన్నెలుంటాయి, మూత తీసి చూసినా ఎవరూ ఏమీ అనుకోరు. కావలసినదాని వైపు వేలు చూపించడమే, అందుకే వీటికి 'తురో-తురో' అని ఇంకో పేరు. కూరని ఉలామ్ అంటారు. ఒక ఉలామ్, ఒక కానిన్ కలిస్తే ఒకరి భోజనం. అన్నం కప్పుతో కొలిచి పళ్లెంలో బోర్లిస్తారు. మన పిల్లలకి ఒక కప్పు ఏ మూలకీ చాలదు, రెండో కప్పుకి వేరే లెక్క. 'అన్‌లి రైస్' అని బోర్డు ఉంటే మాత్రం ఎన్నిసార్లడిగినా పెడతారు. సగం కూర చాలనుకుంటే 'కలహాతి' అని అడగొచ్చు.

వడ్డించే ఆవిడని 'ఆతే' అనాలి, అంటే అక్క. మగవాళ్లయితే 'కుయా', అంటే అన్న. మాటకి 'పో' తగిలిస్తే మన 'అండి' అన్నట్టే. 'మగ్కానో పో?' అంటే 'ఎంతండీ?' అని. వడ్డించకముందే ధర అడగమనండి.

వేళ కూడా చూసుకోవాలి. కూరలు చాలావరకు పొద్దున్నే వండేసి పెడతారు కాబట్టి పన్నెండు లోపు వెళ్తే మంచిది. మూడు దాటాక కొబ్బరిపాలతో చేసిన 'గినతాన్' కూరల జోలికి పోకూడదు, ముందు పాడయ్యేవి అవే. ఆ వేళకి వెనిగర్ పోసి వండిన అడోబో, పక్సివ్ నయం. మన పులిహోర ప్రయాణానికి ఎందుకు ఆగుతుందో అవీ అందుకే ఆగుతాయి.

*ప్రశ్న: మా అమ్మాయీ అక్కడే చేరుతోంది. గుడ్డు తింటుంది, మాంసం, చేప ముట్టదు. కూరగాయల కూర చూసి తీసుకుంటే సరిపోతుందా?*
*— పర్లాకిమిడి నుంచి*

సరిపోదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పినక్బెత్ చూడండి: గుమ్మడికాయ, కాకరకాయ, వంకాయ, బెండకాయ, బొబ్బరికాయలు. చూపుకి అచ్చం మన కలగూర. కానీ అందులో ఉప్పదనం వచ్చేది బగోఓంగ్ నుంచి. అంటే ఉప్పేసి పులియబెట్టిన చిన్న రొయ్యల ముద్దో, చేపల ముద్దో. గిన్నె మీదకి వంగితే మీ బజార్లో శుఖువా (ఎండుచేపల) బుట్ట దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది.

పెసలతో చేసే మొంగ్గొ చూస్తే ఒడియా వాళ్ల కూరగాయల పప్పు దాల్మా గుర్తొస్తుంది, మునగాకు కూడా వేస్తారు. అందులో పంది తోలు వేపుడో, పొగబెట్టిన చేపో, రొయ్యలో కలుస్తాయి. అది శుక్రవారాల వంటకం. కాథలిక్ క్రైస్తవుల్లో చాలామంది, ముఖ్యంగా ఈస్టర్ ముందు ఉపవాస రోజుల్లో, ఆ రోజు మాంసం మానతారు, చేప మానరు. కొబ్బరిపాలల్లో చేమాకు ఉడికించే లాఇంగ్‌దీ ఇదే కథ. ఉచితంగా ఇచ్చే చారు, 'సబావ్', చాలాచోట్ల ఎముకలు కాచిన నీళ్లే.

'మాంసం వద్దు' అని చెబితే చాలదు. 'కర్నే' అంటే చాలామందికి పంది, పశు మాంసాలే. కోడి, రొయ్య ఆ లెక్కలోకి రావు. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి: బాబోయ్ అంటే పంది (ఈ మాట మనవాళ్లు మర్చిపోరు), బాకా పశు మాంసం, మనోక్ కోడి, ఇస్దా చేప, హీపోన్ రొయ్య. చేపనీళ్ల సాస్‌ని పతీస్ అంటారు, దాన్నీ అడగండి.

ధైర్యంగా తినదగ్గది తోర్తాంగ్ తలోంగ్. వంకాయ కాల్చి, తొక్క తీసి, తొడిమ ఉంచి చదును చేసి, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి వేయిస్తారు. ఖీమా కూరినది కూడా ఉంటుంది, అది కాదని చూసుకోవాలి. వెల్లుల్లి అన్నం 'సినంగాగ్', పక్కన గుడ్డు తీసుకోవచ్చు. పొద్దున వీధుల్లో అమ్మే 'తాహో' మెత్తటి సోయా పెరుగు మీద బెల్లపు పాకం, సగ్గుబియ్యం. వేపుళ్ల నూనె అన్నిటికీ ఒకటే, ఆ పట్టింపు ఉంటే ఇంట్లో వండుకోవడమే మార్గం.

*ప్రశ్న: దుబాయ్‌లో చవక ఫిలిపినో హోటళ్లలో పంది మాంసం ఉండదంటున్నారు. మా తమ్ముడు నిశ్చింతగా తినొచ్చా?*
*— రాయగడ నుంచి*

అనుమతి ఉన్న హోటళ్లలో తప్ప అక్కడ పంది మాంసం వడ్డించరు, నిజమే. దాని బదులు పశు మాంసం వాడతారు, మీ ఇంట్లో పట్టింపు దానికైతే చిక్కు తగ్గదు, పెరుగుతుంది. పేరు చివర 'సిలోగ్' అని ఉంటే వెల్లుల్లి అన్నం, గుడ్డు అని అర్థం. పేరు మొదటి భాగంలో ఏముందో చూడాలి. తాప్‌సిలోగ్ మామూలుగా పశు మాంసమే. బాంగ్‌సిలోగ్ అయితే పాలబొంత చేప.

*ప్రశ్న: ఇంట్లో చికెన్ అడోబో చేస్తే ఉప్పు కషాయమై, వెనిగర్ ముక్కుకి కొట్టింది. ఎక్కడ తప్పాను?*
*— జయపురం నుంచి*

రెండు చోట్ల. ఇక్కడ దొరికే డార్క్ సోయా సాస్ రంగు కోసం చెంచాలతో వేసేది, అక్కడి వంటలో చెప్పినట్టు అరకప్పు పోస్తే అంతే సంగతులు. కిలో కోడికి లైట్ సోయా నాలుగు పెద్ద చెంచాలు చాలు, విడిగా ఉప్పు వద్దు. రెండోది వెనిగర్. సీసా మీద 'సింథటిక్' అని ఉంటే ఘాటెక్కువ, పావుకప్పు మించకండి. పులియబెట్టిన వెనిగర్ అయితే అరకప్పు వరకూ పోయొచ్చు.

ఒక పూర్తి వెల్లుల్లి గడ్డ చితక్కొట్టి, మిరియాలు ఒక చెంచా, బిర్యానీ ఆకులు రెండు, నీళ్లు కప్పు వేయండి. వెనిగర్ పోశాక మూత పెట్టొద్దు, గరిటె పెట్టొద్దు. తెర్లి పది నిమిషాలు మరిగితే ఘాటు ఆవిరితో పోతుంది. మూత పెడితే ఆ ఆవిరే మళ్లీ కూరలో కారుతుంది. తర్వాత సన్న సెగ మీద పాతిక నిమిషాలు. సత్తు గిన్నె వాడకండి, పులుపుకి లోహపు రుచి వస్తుంది. రసం ముక్కకి పట్టేదాకా ఇగరబెట్టి దించండి. మర్నాడు వేడిచేసి తింటే ఇంకా బాగుంటుంది, పులుపు ముక్క లోపలికి దిగి ఉంటుంది.