సాదుకున్న బిడ్డనని తెలిసి పాప మాట్లాడటం లేదు.. కౌన్సెలింగ్ ఇప్పించొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. శిశుగృహ నుంచి 8 నెలల పాపను చట్టప్రకారం దత్తత తీసుకున్నాం. ఇప్పుడు 12 ఏళ్లు. పెద్దయ్యాక చెబుదామనుకున్నాం. నెల కింద ఓ పెళ్లిలో బంధువు ఒకామె ‘సాదుకున్న బిడ్డ’ అనడం పాప విన్నది. అప్పటి నుంచి సరిగా తినదు, నిద్రపోదు, బడికి పోనంటోంది. ‘నన్ను కన్నదెవరు?’ అని అడిగితే ‘నేనే’ అని మాట మార్చేశాను. కౌన్సెలింగ్‌కు తీసుకెళ్తే ఇంకా మనసులో పెట్టుకుంటుందని మా అత్తమ్మ అంటున్నారు. ఏం చేయాలి? – ఓ తల్లి

సలహా: కౌన్సెలింగ్ తప్పకుండా ఇప్పించండమ్మా. పాప ఇప్పటికే మనసులో పెట్టుకుంది, బయటికి చెప్పుకోవడానికే మనిషి దొరకడం లేదు. కన్నతల్లి దూరమైందన్న దుఃఖం, ఇన్నేళ్లు దాచారన్న కోపం, వీళ్లు కూడా వదిలేస్తారేమోనన్న భయం.. మూడూ ఒకేసారి మీద పడ్డాయి. దుఃఖానికి, భయానికి థెరపిస్ట్ సాయం చేయగలరు. ఆ కోపం మాత్రం మీరు నోరు తెరిచి నిజం చెబితేనే తగ్గుతుంది.

అందుకే మొదటి ఒకటి రెండు సెషన్లకు మీరు, మీ ఆయన మాత్రమే వెళ్లండి. దత్తత ఉత్తర్వు, అప్పట్లో ఇచ్చిన చైల్డ్ స్టడీ రిపోర్ట్ (పాప నేపథ్య వివరాలు), మెడికల్ రిపోర్ట్, పాప చిన్ననాటి ఫొటోలు వెంట తీసుకెళ్లండి. వాటిలో ఉన్నదాన్ని 12 ఏళ్ల బిడ్డకు ఏ మాటల్లో చెప్పాలో అక్కడ నేర్చుకుని, ఇంట్లో మీరే చెప్పాలి. ‘నువ్వు నా కడుపున పుట్టలేదు. నిన్ను కన్నమ్మ వేరే ఉంది. ఆమె గురించి మాకు తెలిసింది ఇంతే. ముందే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. నువ్వు ఎప్పటికీ మా బిడ్డవే.’ ఇంత సూటిగా సరిపోతుంది. తెలియని సంగతి తెలియదనే చెప్పండి. కన్నతల్లి చనిపోయిందనో, గొప్పింటి మనిషనో కల్పించొద్దు. ‘నీ మీద ప్రేమతోనే ఇచ్చేసింది’ అనడం కూడా మంచిది కాదు. ప్రేమ ఉన్నవాళ్లే వదిలేస్తారని పాప అర్థం చేసుకుంటే మీ ప్రేమను చూసి కూడా భయపడుతుంది. ‘నీ అదృష్టం బాగుండి మా ఇంటికొచ్చావు’ అంటే ఏడ్చే హక్కు కూడా లేదనిపిస్తుంది. ఇక ‘మాట వినకపోతే మళ్లీ అక్కడికే పంపిస్తా’ అన్న మాట కోపంలో కూడా, అత్తమ్మ నోటి నుంచి కూడా రాకూడదు.

ఆ తర్వాత పాప సెషన్లు. సాధారణంగా వారానికోసారి, 45 నిమిషాల చొప్పున ఉంటాయి. 10–12 సెషన్ల తర్వాత ఎంత మార్పు వచ్చిందో చూసుకుంటారు. ఈ వయసులో ఎక్కువగా ఉపయోగపడేది జీవితకథ పుస్తకం. ఓ నోటుబుక్కులో పుట్టిన తేదీ, శిశుగృహలో ఉన్న కాలం, ఇంటికొచ్చిన రోజు, ఫొటోలు, జవాబు దొరకని ప్రశ్నలు పాపే రాసుకుంటుంది. కన్నతల్లికి ఉత్తరం రాయిస్తారు, దాన్ని ఎవరికీ పంపరు. లోపల పాప ఏం చెప్పిందని బయటికి రాగానే ఆరా తీయకండి. ప్రాణానికి ముప్పు ఉంటే థెరపిస్టే మీకు చెబుతారు. మొదట్లో కోపం, ఏడుపు పెరగవచ్చు. చాలా ఇళ్లలో ఇది చూసే మధ్యలో ఆపేస్తారు. సెషన్లు ఆపకుండా, ఆ సంగతి థెరపిస్ట్‌కు చెప్పండి. బిడ్డను బలవంతంగా గట్టిగా పట్టుకుని ‘అమ్మా అని పిలువు’ అనే తరహా పద్ధతులు ఎవరైనా చెబితే అక్కడి నుంచి వచ్చేయండి, అవి ప్రమాదకరం.

దత్తత దుఃఖానికి మాత్ర లేదు. అయితే రెండు వారాలకు మించి నిద్ర, తిండి, బడి మూడూ దెబ్బతిన్నాయి కాబట్టి డిప్రెషన్ ఉందేమో సైకియాట్రిస్ట్ చూడాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బయట క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా, దత్తత పిల్లలతో పనిచేశారా అని అడగండి. జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని కూడా కౌన్సెలింగ్ కోసం అడగొచ్చు. దత్తత తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి మీ ఇంటికొచ్చి చూసిన వ్యవస్థే అది, మొహమాటం అక్కర్లేదు. చచ్చిపోతాననడం, చేతులు కోసుకోవడం, ఇల్లు విడిచి వెళ్లడం లాంటివి కనిపిస్తే వారం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పత్తికి కొట్టే పురుగుల మందు ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి.

కన్నవాళ్లను చూస్తానని పాప అడగొచ్చు, అది మీమీద ప్రేమ తగ్గి కాదు. 18 ఏళ్లు నిండితే తానే, అంతకుముందైతే మీతో కలిసి దత్తతలను చూసే కేంద్ర సంస్థ ‘కారా’కు దరఖాస్తు చేసుకోవచ్చు. కన్నవాళ్ల గోప్యతకూ చట్టం రక్షణ ఇస్తుంది కాబట్టి వివరాలన్నీ దొరక్కపోవచ్చని ముందే చెప్పండి. ఫేస్‌బుక్‌లో సొంతంగా వెతకనివ్వకండి.

పిల్లలు పుట్టలేదన్న బాధ మీలో ఇంకా ఉంటే మీకు విడిగా రెండు మూడు సెషన్లు అడగండి. ‘కన్నదెవరు’ అనగానే మీరు మాట మార్చింది బహుశా ఆ నొప్పితోనే. మళ్లీ అడిగినప్పుడు మీ కళ్లు చెమర్చినా ఫర్వాలేదు, జవాబు మాత్రం చెప్పండి.