మత్తును నిద్ర అనుకోకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఏరియా ఆస్పత్రిలో నైట్ డ్యూటీలకు ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది. అర్ధరాత్రి ఆయాసంతో వచ్చినవాళ్ల ముందు ఒక్కదానివే ఉంటావని దిగులూ ఉంది.

ఊపిరితిత్తులు రక్తానికి చాలినంత ఆక్సిజన్ ఇవ్వలేని, లేదా కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపలేని స్థితి, అదే శ్వాస వైఫల్యం. దాని రెండు రకాలూ నీకు తెలిసినవే. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 (మి.మీ. పాదరసం) కంటే తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరగకపోతే మొదటిది: న్యుమోనియా, ఊపిరితిత్తుల్లో నీరు. కార్బన్ డయాక్సైడ్ 45 దాటితే రెండోది: సీఓపీడీ (పొగ వల్ల గాలి గొట్టాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), పురుగుమందు విషం, కట్లపాము కాటు. మొదటి రకంలో సాచురేషన్ (ఆక్సిమీటర్ చూపే రక్తంలోని ఆక్సిజన్ శాతం) 94–98 దగ్గర ఉంచి కారణానికి వైద్యం చెయ్యి.

నా భయమంతా సీఓపీడీ గురించే. ఏళ్లతరబడి బీడీలు కాల్చిన తాతో, కట్టెల పొయ్యి పొగలో వంట చేసిన అవ్వో వస్తారు. ఎవరో కంగారులో మాస్కు పెట్టి ఆక్సిజన్ నిమిషానికి 10 లీటర్లకు తిప్పేస్తారు. సాచురేషన్ 82 నుంచి 99కి ఎక్కుతుంది. అప్పటిదాకా పెనుగులాడిన మనిషి నిద్రలోకి జారుకుంటే, హమ్మయ్య అనుకుంటారు. అది నిద్ర కాదు తల్లీ, కార్బన్ డయాక్సైడ్ మత్తు! ఊపిరి పీల్చాలన్న ప్రేరణ తగ్గడం ఒక్కటే కాదు కారణం. గాలి సరిగా ఆడని భాగాలకు ముడుచుకుని ఉన్న రక్తనాళాలు ఆక్సిజన్ ఎక్కువై తెరుచుకుంటాయి. హిమోగ్లోబిన్ మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది.

సీఓపీడీ వాళ్లకు సాచురేషన్ 88–92 చాలు. ఆక్సిజన్‌ను కచ్చితమైన శాతంలో ఇచ్చే వెంచురీ మాస్కు అయితే 24 శాతానికి 2 లీటర్లు, 28 శాతానికి 4. అది లేకపోతే ముక్కు గొట్టంతో 1–2 లీటర్లు. మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్‌ను గాలి కంప్రెసర్‌తో నడుపు. ఆక్సిజన్‌తో తప్పకపోతే 6 నిమిషాలు మించనివ్వకు. అరగంట, గంటలోపు బ్లడ్ గ్యాస్ (ధమని రక్తంలో వాయువులు, ఆమ్లత చూసే పరీక్ష) మళ్లీ చూడు. ఆ సౌకర్యం లేకపోతే మత్తు పెరుగుతోందేమో పిలిచి చూడు, చేతులు చాపించి వణుకు గమనించు. మందులిచ్చాక కూడా పీహెచ్ 7.35 లోపు, కార్బన్ డయాక్సైడ్ 45 పైన ఉంటే బైప్యాప్ (మాస్కుతో ఊపిరికి ఊతమిచ్చే యంత్రం) పెట్టు: ఊపిరి లోపలికి తీసేటప్పుడు ప్రెషర్ 10–12, బయటికి వదిలేటప్పుడు 4–5 (సెం.మీ. నీరు)తో మొదలుపెట్టి పై ప్రెషర్ పెంచు. పిలిచినా పలక్కపోతే, వాంతులవుతుంటే శ్వాసనాళంలోకి ట్యూబే.

ఇది చదివి భయపడి ఆక్సిజన్ ఒక్కసారిగా తీసేస్తావేమో, ఆ పని మాత్రం చెయ్యకు. సాచురేషన్ మొదటికంటే కిందికి పడిపోతుంది. మెల్లగా తగ్గించు. నీలం తిరిగిన మనిషికి ముందు ఆక్సిజనే ప్రాణం.

కండరాలు చచ్చుబడే కట్లపాము కాటుకు ఆక్సిమీటర్‌ను నమ్మకు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించు, తల ఎత్తమను. లెక్క తగ్గుతూ వస్తుంటే సాచురేషన్ పడేదాకా ఆగకుండా ట్యూబ్ వెయ్యి.

డ్యూటీ ఎక్కగానే అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి), ట్యూబ్ వేసేటప్పుడు గొంతులోకి చూసే లారింజోస్కోపు లైటు, సిలిండర్ ప్రెషర్ నువ్వే చూసుకో. అన్నం తినకుండా వెళ్లకు. అనుమానమొస్తే వేళ చూడకుండా ఫోన్ చెయ్యి, నేను ఎత్తుతాను.

మీ పెదనాన్న