ఆఫర్ లెటర్‌లోని నాలుగు వేల పౌండ్లు స్కాలర్‌షిప్పేనా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా అమ్మాయి మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్ చదువుతోంది. బ్రిటన్‌లోని ఒక యూనివర్సిటీలో నీటి శుద్ధికి సంబంధించిన ఏడాది మాస్టర్స్ కోర్సులో సీటు వచ్చింది. ఫీజు 19,500 పౌండ్లు కాగా 4,000 పౌండ్లు స్కాలర్‌షిప్ ఇచ్చారు. ఇది అందరికీ రాదని, వదులుకుంటే మళ్లీ దొరకదని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. మిగతా డబ్బు కోసం రెండెకరాల బత్తాయి తోట బేరానికి పెట్టాను. దాతలు పెట్టిన పెద్ద స్కాలర్‌షిప్పులు కూడా ఉంటాయని విన్నాను. వాటికీ దీనికీ తేడా చెప్పండి. అమ్మాయిని పంపమంటారా?

జవాబు: మీరు అడిగింది రెండు రకాల స్కాలర్‌షిప్పుల మధ్య తేడా. ఉత్తరమంతా చదివాక నాకు కనిపించిన దిగులు వేరు. తోట అమ్మకపోతే కూతురి భవిష్యత్తుకు మీరే అడ్డుపడ్డవారవుతారేమోనని మీరు భయపడుతున్నారు. ఏటా వేసవి మొదట్లో దేవరకొండ నుంచి, జడ్చర్ల నుంచి, వనపర్తి నుంచి ఇదే భయం నా దగ్గరకు వస్తుంది. పౌండ్లకు బదులు డాలర్లుంటాయి, తోటకు బదులు ఇంటి స్థలం ఉంటుంది. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. ఈ ఏడాది పంపకపోవడం వల్ల మీ అమ్మాయికి పూడ్చుకోలేని నష్టమేదీ జరగదు. కొద్ది నెలల్లో ఆమె చేతికి ఎమ్మెస్సీ పట్టా వస్తుంది, ఈ కోర్సుకే వచ్చే ఏడాది కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, పైగా అప్పటికి ఆమె దరఖాస్తు ఇప్పటికన్నా బలంగా ఉంటుంది.

ఇక మీరు జతచేసిన ఆఫర్ లెటర్ సంగతి. దాని రెండో పేజీలో, బ్యాంకు వివరాలకు కాస్త పైన, చిన్న అక్షరాల్లో మూడు వరుసలున్నాయి. ఈ మొత్తం ట్యూషన్ ఫీజులో తగ్గింపుగా మాత్రమే వర్తిస్తుందని, నగదుగా చెల్లించబోమని, గడువులోగా డిపాజిట్ కట్టిన అంతర్జాతీయ విద్యార్థులందరికీ ఇస్తామని అక్కడ రాసి ఉంది. పై వరుసలోని 4,000 అంకె మీద ఎవరో పసుపు రంగు పూశారు, కింది వరుసలోని ‘అందరికీ’ అన్న మాట మీద పూయలేదు. దీన్ని నేను మోసం అనను, ఎందుకంటే యూనివర్సిటీ తన షరతును దాచకుండానే రాసింది. కానీ ఇది ఆషాఢంలో బట్టల దుకాణం ఇచ్చే తగ్గింపు వంటిదే. దీని వెనుక దాత లేడు, మీ అమ్మాయిని ప్రత్యేకంగా ఎంచుకున్న కమిటీ లేదు, కాబట్టి పోతే మళ్లీ రాదన్న మాటకు అర్థం లేదు.

లెక్క కూడా చూద్దాం. తగ్గింపు పోను ఫీజు 15,500 పౌండ్లు మిగులుతుంది. లండన్ వెలుపల ఉండేవారు కూడా తొమ్మిది నెలల ఖర్చుల కింద వీసా కోసం పదివేల పౌండ్లకు పైగా చూపాలి. పౌండుకు 115 రూపాయలు వేసుకున్నా ముప్పై లక్షలకు అటూ ఇటూ తేలుతుంది. విమానం టికెట్టు, వీసా రుసుము, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము దీనికి అదనం. మీకు వచ్చిందనుకుంటున్న స్కాలర్‌షిప్ విలువ నాలుగు లక్షల అరవై వేలు. మీ చేతి నుంచి పోయే దాన్ని దాని పక్కన పెట్టి చూడండి.

దాతల స్కాలర్‌షిప్ పనిచేసే తీరు వేరు. ఎవరో ఒక పెద్ద మొత్తాన్ని శాశ్వత నిధిగా (ఎండోమెంట్‌గా) అప్పగిస్తారు. సాధారణంగా అసలును కదపకుండా, దాని మీద వచ్చే రాబడితో ఏటా కొందరిని చదివిస్తారు. జంషెట్‌జీ టాటా 1892లో పెట్టిన జె.ఎన్. టాటా ఎండోమెంట్ మన దేశంలో ఈ సంప్రదాయానికి పాత ఉదాహరణ. కేంబ్రిడ్జిలో గేట్స్ స్కాలర్‌షిప్పులకు గేట్స్ ఫౌండేషన్ 2000లో 21 కోట్ల డాలర్లు ఇచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో నైట్-హెన్నెస్సీ పథకానికి నైకీ బూట్ల కంపెనీ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ 2016లో 40 కోట్ల డాలర్లు ప్రకటించారు. అలా ఇచ్చేటప్పుడు దాత తన డబ్బు ఎవరికి, ఏ చదువుకు చేరాలో నియమాలుగా రాయిస్తాడు. ఆ నియమాలు మనకు నచ్చినట్టు ఉండవు. ఉదాహరణకు ఇన్లాక్స్ శివదాసానీ ఫౌండేషన్ విదేశీ చదువుకు పెద్ద మొత్తమే ఇస్తుంది గానీ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్, మేనేజ్‌మెంట్ చదివేవారికి ఇవ్వదు. మన జిల్లాల్లో ఏ ఇంటి తలుపు తట్టినా వినిపించే కోర్సులు అవే.

ఇంకో విషయం తల్లిదండ్రులు తరచుగా పొరబడతారు. స్కాలర్‌షిప్ అన్న పేరున్నంత మాత్రాన తిరిగి కట్టనక్కర లేదని కాదు. టాటా ఎండోమెంట్ ఇచ్చేది రుణ స్కాలర్‌షిప్. కె.సి. మహీంద్రా ట్రస్టు విదేశీ పీజీ చదువుకు ఇచ్చేది వడ్డీ లేని రుణం. రెండూ గౌరవమైనవే, బ్యాంకు అప్పుకన్నా ఎంతో మేలైనవే, కానీ తీర్చవలసినవి. తిరిగి కట్టనక్కర లేని వాటిలో మీ అమ్మాయి చదువుకు బాగా అతికేది రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంట్. అది నీరు, పారిశుద్ధ్యం, పర్యావరణం వంటి నిర్ణీత రంగాల్లో విదేశీ పీజీకి దొరుకుతుంది, కనీస బడ్జెట్ 30,000 డాలర్లు. విద్యార్థి నేరుగా దరఖాస్తు పెట్టుకోలేరు. ఇక్కడి రోటరీ క్లబ్బు, అక్కడి రోటరీ క్లబ్బు కలిసి పంపాలి. అందుకు నెలల తరబడి సమయం పడుతుంది, గ్రాంటు మంజూరు కాకముందు చదువు మొదలుపెట్టకూడదు. సెప్టెంబరులో విమానం ఎక్కాలన్న తొందరలో ఉన్నవారికి ఈ దారి మూసుకుపోతుంది. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్, రీడింగ్, సోయస్ యూనివర్సిటీల్లో మన దేశపు పేద విద్యార్థులకు ఉన్న ఫెలిక్స్ స్కాలర్‌షిప్ కూడా చూడదగినది.

కొన్నేళ్ల కిందట ఒక చిన్న ఎండోమెంట్ పురస్కారానికి ఎంపిక కమిటీలో కూర్చున్నాను. ఒక రిటైర్డ్ టీచరు చనిపోయిన కొడుకు పేరిట డబ్బు డిపాజిట్ చేసి, ఏటా వచ్చే వడ్డీని ఒక పీజీ విద్యార్థికి ఇవ్వమన్నారు. ఆమె మాతోపాటు కూర్చుని ప్రతి దరఖాస్తూ చదివారు. మూడు వ్యాసాలు ఒకే వాక్యంతో మొదలయ్యాయి. ఒకదానిలో దరఖాస్తుదారు ఊరు అచ్చంపేట అయితే నాలుగో పేరాలో ఇంకెవరిదో ఊరి పేరు చెరపకుండా ఉండిపోయింది. ఆమె వాటిని పక్కన పెట్టి, గీతల కాగితం మీద రాసిన ఒక దరఖాస్తును రెండోసారి చదివారు. అందులో ఆ అమ్మాయి తమ ఇంటి బోరు ఏ ఏడు ఎన్ని అడుగులు దిగిందో, నీళ్లు పడని నెలల్లో తాను ఎక్కడ కూర్చుని చదువుకుందో రాసింది. మార్కుల్లో ఆమె ఐదోది. పురస్కారం ఆమెకే వెళ్లింది.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, మన్నించండి. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, తోట ఉంది, బేరం ఉంది. మీ అమ్మాయి ఏం తేల్చుకోవాలని చదువుతోందో ఒక్క వాక్యం లేదు. మీరు పంపిన ఆమె వ్యాసంలో మర్రిగూడ అన్న పేరే లేదు. ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన కాళ్లను చిన్నప్పటి నుంచి చూసిన పిల్ల, కెమిస్ట్రీ చదివిన పిల్ల, తన వ్యాసంలో ‘ప్రపంచస్థాయి బోధన’ గురించి రెండు పేజీలు రాసిందంటే అది ఆమె రాసింది కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఆ వ్యాసానికి డబ్బు కట్టింది మీరు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉందని 1937లోనే వైద్య పత్రికలో రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పద్ధతిలో నీటిలో మిగిలిపోయే అల్యూమినియం, అడుగున పేరుకునే మడ్డి ఇప్పటికీ తేలని చిక్కులు. దాత ఎవరైనా, దేశం ఏదైనా, ఇంత దగ్గరి ప్రశ్న ఉన్న విద్యార్థి కోసమే వెతుకుతారు. మీరు ఆ ప్రశ్నను ఆమె చేతి నుంచి తీసి కన్సల్టెన్సీ బల్ల మీద పెట్టారు.

ఈ ఒక్క ఏడాది మాస్టర్స్ కోర్సుల మోజు మీద నాకు సొంత సందేహాలు చాలా ఉన్నాయి. ఎమ్మెస్సీ పూర్తిచేసిన వారికి ఇంకో మాస్టర్స్ ఎందుకని అడిగితే, చదువు గురించి జవాబు చెప్పేవారు అరుదు. అక్కడ ఉద్యోగం దొరుకుతుందన్న ఆశే చెబుతారు. ఆ ఆశకు నేల తగ్గుతోంది. చదువయ్యాక బ్రిటన్‌లో ఉండి పని వెతుక్కునే గడువును, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. పీహెచ్‌డీ చేసినవారికి మూడేళ్లు అలాగే ఉంచారు. ఆపైన ఉద్యోగం చేస్తూ అక్కడే ఉండడానికి కావలసిన స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస వార్షిక జీతం 2025 జూలై నుంచి సాధారణంగా 41,700 పౌండ్లయింది, కొత్త పట్టభద్రులకు కొంత సడలింపు ఉన్నా సరే. ముప్పై లక్షల అప్పు, తలమీద గడువు గడియారం పెట్టుకుని ఇరవై మూడేళ్ల పిల్ల గిడ్డంగుల్లో రాత్రి షిఫ్టులు చేయడం నేను చూశాను. అలా వెళ్లినవారిలో స్థిరపడినవారు లేరని కాదు. వాళ్లలో చాలామంది వెనుక తోట అమ్మకం లేదు.

అమ్మాయిని పంపమంటారా అన్న మీ ప్రశ్నకు నా తీర్పు చిన్నదే: ఈ ఏడాది వద్దు. రసాయన శాస్త్రంలో జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి, పరిశోధన ఫెలోషిప్ అయిన జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం వస్తాయి. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, హైదరాబాద్‌లోనే ఉన్న నీరీ కేంద్రం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆమెకు రోజు ప్రయాణపు దూరంలో ఉన్నాయి. విదేశమే కావాలంటే నేరుగా పీహెచ్‌డీకి వెళ్లినవారికి ఫీజు మాఫీ, నెలనెలా భృతి దొరికే అవకాశం మాస్టర్స్‌కన్నా చాలా ఎక్కువ. మీ అమ్మాయికి చదివే శక్తి ఉంది. ఆమె మార్కుల జాబితా నేను చూశాను, దిగులు పడవలసిన కాగితం కాదది.

డిపాజిట్ గడువు ఈ నెలాఖరు అని రాశారు. అది కట్టకండి. సీటును వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా, దాతలు పెట్టిన స్కాలర్‌షిప్పులకు విడిగా దరఖాస్తు ఉందా, దాని ఆఖరు తేదీ ఏమిటి అని యూనివర్సిటీకి అమ్మాయి చేతనే మెయిల్ రాయించండి. మీ ఇంటి బోరు నీటిని పరీక్ష చేయించి, ఆ అంకెతో మొదలయ్యే ఒక పేజీ ఆమెను తెలుగులోనైనా సరే రాసి నాకు పంపమనండి. బేరం కుదిరినా అగ్రిమెంటు కాలేదంటున్నారు కాబట్టి, తోట అడిగినవారికి ఈ కాపు కోసేదాకా ఆగమని చెప్పండి.