బండి జారిపడ్డ అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గూడెప్పాడు దాటిన తర్వాత పరకాల రోడ్డు మీద ఆరబోసిన వడ్లపై బండి జారి పడ్డావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎముకలేవీ విరగలేదన్నందుకు మనసు కుదుటపడింది. అయితే వారం తిరగకముందే ఆ బండి మీదనే డ్యూటీకి పోతానంటున్నావని విని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కాజీపేటలో ఏళ్ల తరబడి బండ్లు విప్పి బిగించినవాణ్ణి. పడిన బండికి పైకి కనబడే గీతల కంటే కనబడని వంపులే ప్రమాదమని నాకు తెలుసు, మనిషి ఒంటికీ అదే వర్తిస్తుంది.

ముందు నీ సంగతి. మోకాలు, మోచేయి దోక్కుపోయిన చోట ఇసుక రేణువులు మిగలకుండా ధారగా పడే నీటితో, సబ్బుతో కడగాలి. పసుపు, కాఫీ పొడి వంటివి అద్దవద్దు. రోడ్డు మట్టి పడిన గాయం కాబట్టి, చివరిసారి టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించుకోవాలి. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే, వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, మాట తడబడటం వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది నీ కుడి మణికట్టు గురించి. పడేటప్పుడు అరచేయి ఆన్చావట. బొటనవేలిని పైకి చాపితే దాని మొదట్లో చిన్న గుంట ఏర్పడుతుంది. అక్కడ నొక్కినప్పుడు నొప్పి ఉంటే దాన్ని బెణుకని వదిలేయవద్దు. లోపల ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకలో వచ్చిన పగులు మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, పది రోజుల నుంచి రెండు వారాల తర్వాత మళ్లీ తీయిస్తే బయటపడుతుంది. ఆ ఎముకకు రక్తం అందడమే తక్కువ కనుక, నిర్లక్ష్యం చేస్తే అది అతుక్కోకుండానే ఉండిపోతుంది. అందువల్ల ఎముకల డాక్టరు చెప్పేదాకా ఆ చేతికి నాటు కట్టు కట్టించవద్దు, నూనెతో మర్దన చేయించవద్దు.

ఇక బండి. విప్పించే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి, బీమా కంపెనీకి తెలియజెయ్యి. సర్వేయరు చూడకముందే రిపేరు చేయిస్తే క్లెయిము ఇబ్బందిలో పడుతుంది. నీది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే అయితే నీ బండి ఖర్చు అందులో రాదు. సొంత నష్టానికి కూడా పాలసీ ఉంటే, క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతం, వరుసగా ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగే బోనస్ (సొంత నష్టం ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని గుర్తుంచుకుని, రిపేరు ఖర్చుతో పోల్చి చూసుకో.

మెకానిక్ దగ్గర ముందు చక్రాన్ని నేరుగా నిలబెట్టి హ్యాండిల్ ఎటు చూస్తుందో గమనించు. పక్కకు తిరిగి ఉంటే కారణం రెండింటిలో ఒకటి కావచ్చు. ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే ఫోర్కు పైపులు, వాటిని పైన పట్టి ఉంచే టీ బిగింపులో మెలితిరిగి ఉంటే బోల్టులు వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని సరిచేస్తే సరిపోతుంది. పైపు వంగి ఉంటే మాత్రం దాన్ని బయటికి తీసి, చదునైన గాజు పలక మీద దొర్లించినప్పుడే తెలుస్తుంది, వంగినది ఒకచోట లేచి కనిపిస్తుంది. ప్రెస్సులో పెట్టి బెండు తీసే లేత్ షాపులు ఉన్నాయి, ఖర్చూ తక్కువే, కానీ మార్పించమనే నేనంటాను. ఎందుకంటే వంగిన చోట క్రోమ్ పూత పగిలి, కొత్త ఆయిల్ సీలును కూడా కోసేస్తుంది.

వంగిన బ్రేకు లివరును, క్లచ్ లివరును సుత్తితో సరిచేయనివ్వవద్దు, అల్యూమినియం కనుక అవి తర్వాత పట్టుకున్నప్పుడు పుటుక్కున విరుగుతాయి. ఆక్సిలరేటరు తిప్పి వదిలితే వెంటనే వెనక్కి రావాలి, హ్యాండిల్ ఎటు తిప్పినా అలాగే రావాలి. గేరు రాడ్డు ఇంజిన్ కవరును తాకుతుందేమో, బ్రేకు డిస్కు తిరుగుతుంటే ప్యాడ్లకు ఒకచోటే రాసుకుంటుందేమో చూడు. బండి ఎక్కువసేపు పక్కకు పడి ఉంటే ఆయిల్ ఎయిర్ ఫిల్టరులోకి చేరుతుంది, కాబట్టి స్టార్టు చేసేముందు ఆయిల్ మట్టం, ఫిల్టరు చూడమను. ట్యాంకు సొట్ట, గీతల సంగతి డబ్బు మిగిలితే చూసుకుందువు.

హెల్మెట్ మాత్రం తప్పకుండా మార్చు. పైన గీత ఒక్కటే కనిపించినా, దెబ్బను తీసుకున్న లోపలి థర్మాకోల్ నలిగిపోతే మళ్లీ కాపాడలేదు. కొత్తది ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకో.

బ్రేకు లివరును నొప్పి లేకుండా పూర్తిగా నొక్కగలిగిన రోజునే బండి ఎక్కు. ముందు మీ కాలనీలోని ఖాళీ జాగాలో నెమ్మదిగా నడిపి, రెండు బ్రేకులూ వేసి బండి ఎటూ లాగకుండా ఆగుతుందో లేదో చూడు. యాసంగి కోతలప్పుడు వడ్లు కనిపిస్తే దూరం నుంచే వేగం తగ్గించుకో. వాటి మీదికి వచ్చాక ముందు బ్రేకు వేయడం గానీ, హ్యాండిల్ తిప్పడం గానీ చేయవద్దు.

ఫోర్కు విప్పే రోజు ముందుగా ఫోను చెయ్యి. నేను వచ్చి కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) బిగువు స్వయంగా చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య