రోజూ తిరగడానికీ దూరం వెళ్లడానికీ ఒకే సైకిల్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విశాఖలో రోజూ ఆఫీసుకు వెళ్లడానికీ, సెలవుల్లో సామాను కట్టుకొని అరకు దాకా వెళ్లడానికీ పనికివచ్చే ఒకే సైకిల్‌ను కొలతలిచ్చి చేయించుకోవాలన్న నీ ఆలోచన నాకెంతో సంతోషం కలిగించింది. అయితే నీవు పంపిన కాగితాలలో గేర్ల గురించి పేజీ నిండా ఉంది, ఫ్రేము గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. ఈ క్రమాన్ని తిరగవేయాలి. గేర్లూ సీటూ హ్యాండిలూ నచ్చకపోతే తరువాత మార్చుకోవచ్చు; ఫ్రేములో వదలని ఖాళీని మాత్రం ఎంత ఖర్చు పెట్టినా తెచ్చుకోలేవు.

ఫ్రేము గొట్టాలు క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కువే ఉండనీ. దారిలో ఎక్కడైనా అతుకు విడిపోతే తాత్కాలికంగానైనా వెల్డింగ్ చేయించుకొని ఇల్లు చేరవచ్చు. సముద్రపు గాలికి ఉక్కు లోపలి నుంచి తుప్పు పడుతుంది కనుక, రంగు వేశాక గొట్టాల లోపల నూనె పూత పట్టించమనీ, పెడళ్ల ఇరుసు దిగువన నీరు కారిపోవడానికి చిన్న రంధ్రం ఉంచమనీ చెప్పు.

అన్నిటికన్నా ముఖ్యమైన కొలత పెడళ్ల ఇరుసు నుంచి వెనుక చక్రం ఇరుసుకు ఉండే దూరం. పందెపు సైకిళ్లలో ఇది 410 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. నీకు 450 కావాలి. అంత లేకపోతే క్యారియర్‌కు పక్కగా తగిలించిన సంచికి ప్రతి తొక్కుడులోనూ మడమ తగులుతుంది, బరువంతా వెనుక ఇరుసు మీదనే పడి ఘాట్ దిగేటప్పుడు ముందు చక్రం నిలకడ తప్పుతుంది. అలాగే 40 మిల్లీమీటర్ల టైరు, దానిపైన మడ్‌గార్డు, ఆ రెంటి మధ్య బురద జారిపోయే సందు కూడా పట్టేటంత వెడల్పు వదలాలి. మన వానాకాలంలో మడ్‌గార్డు లేని సైకిల్‌ను ఆఫీసుకు తీసుకువెళ్లడం కుదరని పని. క్యారియర్లనూ నీళ్ల సీసాలనూ బిగించడానికి కావలసిన మర రంధ్రాలన్నీ రంగు వేయకముందే పెట్టించు.

చక్రాల మీద డబ్బు ధారాళంగా ఖర్చు పెట్టు. టైరు కూర్చునే చోట 622 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రిమ్ములు, ఒక్కొక్కదానికి 36 స్పోకులు, అనుభవం ఉన్నవారి చేతి బిగింపు, ఇవి మూడూ ఉండాలి. రిమ్ముకు వాల్వు రంధ్రం మోటారు సైకిల్ వాల్వు పట్టే వెడల్పుదే ఉండాలి. సన్నని పందెపు వాల్వు రంధ్రం వద్దు. అప్పుడు ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. పల్లెల్లో పెద్ద సైకిళ్లకు అమ్మే 28 అంగుళాల ట్యూబును కూడా అవసరానికి ఇందులో సర్దుకోవచ్చు. వెనుక హబ్బు (చక్రం నడిమి భాగం) క్యాసెట్ రకానిదే, అంటే పళ్ల చక్రాల కట్ట హబ్బు మీదికి జారి కూర్చునేదే తీసుకో. పళ్ల చక్రాలను మరతో బిగించే పాత ఫ్రీవీల్ హబ్బులో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉండటం వల్ల, బరువుకు ఇరుసు వంగుతుంది.

గేర్ల విషయం క్లుప్తంగానే చెబుతాను. ముందు 44, 32, 22 పళ్లు, వెనుక 11 నుంచి 34 వరకు ఉంటే చాలు. గొలుసు ముందు 22, వెనుక 34 పళ్ల మీద ఉంటే పెడలు ఒక చుట్టుకు సైకిల్ సుమారు 1.4 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 5 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కేటప్పుడు, సామానుతో కూడా మోకాళ్లు నొప్పి పుట్టకుండా సాగే వేగం అది. ఊళ్లో నీకు మధ్య పళ్ల చక్రమే ఎక్కువగా పని చేస్తుంది.

బ్రేకులు డిస్క్ రకానివి కావాలి, ఎందుకంటే రిమ్మును పట్టే బ్రేకులైతే వాననీటితో వచ్చే ఇసుక రిమ్మును అరగదీస్తుంది. అవి తీగతో పనిచేసేవే తీసుకో. తీగను దారిలో నీవే మార్చుకోగలవు, నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకుల గొట్టాన్ని మార్చలేవు. వెనుక బ్రేకును, వెనుక ఇరుసు దగ్గర కలిసే రెండు గొట్టాలలో పైదాని వెలుపల కాకుండా, ఆ రెంటి మధ్య కోణంలో బిగించమను. అప్పుడది క్యారియర్‌ను నిలిపే కడ్డీకి అడ్డు రాదు. చాలామంది ఈ సంగతి క్యారియర్ కొన్న తరువాతే గమనిస్తారు. దీపానికి ముందు హబ్బులో 6 వోల్టుల, 3 వాట్ల డైనమో పెట్టించు, చార్జింగ్ బాధ ఉండదు.

ఫ్రేము నమూనా ఖరారు చేసే ముందు, నీకు సరిపోయే ఏదైనా సైకిల్‌కు నీవు నిజంగా తీసుకువెళ్లే సంచులు కట్టి ఒక పూట తొక్కి, మడమకూ సంచికీ మధ్య ఎడం ఎంతో కొలువు. ఆ కొలతను నమూనాలో రాయించి, చక్రాలను టైరుతోనూ మడ్‌గార్డుతోనూ కలిపి గీయించి నాకు పంపు. చూసిన తరువాతే గొట్టాలు కోయడానికి సమ్మతి తెలుపుదాం.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య