నాన్న గురించి రాసేముందు

చిరంజీవి చిట్టితల్లికి,

బాబాయి దీవెనలు. నాన్న మీద వ్యాసం మొదలుపెట్టానంటూ పంపిన పేజీ చదివాను. భాష బాగుంది గానీ, అందులో మా అన్నయ్య లేడు. "కలం యోధుడు", "నిర్భీతికి మారుపేరు" ఏ సంపాదకుడు పోయినా అచ్చయ్యే మాటలే. మేం రాసిచ్చిన కాపీలో అలాంటివి కనబడితే అన్నయ్య ఎర్ర ఇంకుతో కొట్టేసేవాడు. ఆయన డెస్కులో పదకొండేళ్లు సబ్‌ఎడిటర్‌గా ఆ కొట్టివేతలు తిన్నవాణ్ణి.

నువ్వు అక్కణ్ణుంచే మొదలుపెట్టు. ఒకసారి ఓ మంత్రి సభ వార్త రాసిచ్చాను. మొదటి పేరా నిండా వేదిక, పూలదండలు, జనం. అన్నయ్య దాన్ని అడ్డంగా కొట్టేశాడు. పన్ను పెంచక తప్పదని మంత్రి నోరు జారిన మాట ఎక్కడో నాలుగో పేరాలో ఉంటే, దాన్ని పైకి లాగి, కాగితం అంచున "వార్త ఇక్కడ నిద్రపోతోంది" అని రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, ఫొటో తీసి పంపుతాను. ఎడిటర్ పనిలో సగం ఇలా కొట్టేసిన దాంట్లోనే ఉంటుంది, అది అచ్చులో కనబడదు.

సంపాదకీయాలతో జాగ్రత్త. వాటికింద పేరుండదు. మీ అమ్మ ఫైల్లో నాన్నవని దాచుకున్నవాటిలో రెండు నేను రాసినవే! వదినకి చెప్పకులే. డైరీలో తేదీయో, చేతిరాత ప్రతో, అప్పటి సహోద్యోగి మాటో ఏదో ఒకటి దొరికితేనే ఆయనదని రాయి. పాత సంచికల కోసం వేటపాలెం సారస్వత నికేతనంలో అడిగి చూడు. 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలకు పేరు. ఏ నెలలవి కావాలో ముందే రాసుకుని వెళ్లు. లేదంటే పాత సినిమా ప్రకటనలు చూస్తూ సాయంత్రం చేసేస్తావు.

ఇక, "ఎమర్జెన్సీని ఎదిరించారు" అన్నావు. లేదమ్మా. 1975 జూన్‌లో సెన్సార్ వచ్చాక ఆయన జైలుకెళ్లలేదు, రాజీనామా చెయ్యలేదు. రాజకీయాలు వదిలేసి ఎరువుల మీద, కాలవల పూడిక మీద రాశాడు. నాకు ఒళ్లు మండేది. ఓ రాత్రి ప్రూఫులు చూస్తూ అడిగేశాను. "ముగ్గురు పిల్లల తండ్రినిరా" అని మళ్లీ ప్రూఫులో తల పెట్టేశాడు. అది అలాగే రాయి.

1977 ఎన్నికల సంగతీ దాచకు. ఉత్తరాదిలో కాంగ్రెస్‌కి ఎదురు వీచిన గాలి ఇక్కడా వీస్తుందని రాశాడు. తీరా చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌వే. జనతా పార్టీకి దక్కింది నంద్యాల ఒక్కటే, అదీ నీలం సంజీవరెడ్డి గారు గెలిచింది. ఆఫీసులో అందరం మెల్లగా మర్చిపోదామనుకున్నాం. అన్నయ్య మాత్రం మర్నాడు సంపాదకీయం మొదటి వాక్యంలోనే "మా అంచనా తప్పింది" అని రాసి కంపోజింగ్‌కి పంపాడు. ఎందుకు తప్పిందో రాయడానికి సంపాదకీయంలో మిగతా చోటంతా వాడుకున్నాడు. నీ వ్యాసానికి ఇంతకన్నా మంచి ఘట్టం నాకు తోచడం లేదు.

ఆయన రాత్రి రెండింటికి ఇల్లు చేరిన రోజుల గురించి అమ్మనే అడుగు, నాకంటే ఆవిడకే బాగా తెలుసు. ఫోన్‌లో రికార్డు చేసుకో, మధ్యలో సరిదిద్దకు.

రెండో ప్రతి పంపేటప్పుడు పక్కన అంచు బాగా వదులు. నాకూ ఎర్ర పెన్ను ఉంది.

మీ బాబాయి