ఇంజిన్ మారిన పాత కారు: బీమా కంపెనీ పాలసీని రద్దు చేయవచ్చా?

ప్రశ్న: నేను బర్మింగ్‌హామ్‌లో స్థిరపడిన తెలుగువాడిని. నాన్నగారు పోతూ నాకు మిగిల్చిన డబ్బుతో 2020 ఆగస్టులో ఒక ప్రైవేటు వ్యక్తి వద్ద 1973 నాటి ట్రయంఫ్ స్టాగ్ అనే పాత కారు కొన్నాను. ప్రకటనలో అసలు ట్రయంఫ్ ఇంజినే ఉందని రాశారు. 2025 నవంబరులో వానకు జారి గోడను గుద్దుకుంది. మరమ్మతుకు 8,000 పౌండ్లు అవుతుందట. తనిఖీకి వచ్చిన ఇంజనీరు లోపల ఉన్నది రోవర్ ఇంజిన్ అని తేల్చడంతో, బీమా కంపెనీ పాలసీనే రద్దు చేస్తూ 2026 జనవరి 20న తుది లేఖ పంపింది. 2024 ఏప్రిల్‌లో రేడియేటర్ మార్చినప్పుడు గ్యారేజీ బిల్లులో 'రోవర్ 3.5' అని ఉందిగానీ నేను పట్టించుకోలేదు. పాలసీ ఏటా దానంతటదే రెన్యువల్ అవుతోంది. అయినా రోవర్, ట్రయంఫ్ రెండూ బ్రిటిష్ లేలాండ్ అనే ఒకే కంపెనీవే కదా! గ్యారేజీ వారు ఆ మాట లేకుండా బిల్లు మళ్లీ రాసిస్తామంటున్నారు. ఇంటిల్లిపాదీ కుమిలిపోతున్నాం. అమ్మినవాడిని కోర్టుకు లాగవచ్చా?

జవాబు: మీరు చివరికి అడిగింది అమ్మినవాడిని కోర్టుకు లాగడం గురించి. కానీ ఈ కేసును తేల్చేది మీరు ఒక్క వాక్యంలో దాటవేసిన 2024 ఏప్రిల్ నాటి బిల్లు. ఆ తేదీకి ముందు మీకు తెలియనిదీ, ఆ తేదీ తరువాత మీరు తెలుసుకుని ఉండవలసినదీ చట్టం దృష్టిలో ఒకటి కావు.

బ్రిటిష్ లేలాండ్ వాదనను ముందే పక్కన పెట్టండి. స్టాగ్ సొంత ఇంజిన్ 2997 సీసీ వీ8. అది వేడెక్కి పాడవడంలో పేరు మోసింది కాబట్టే ఎందరో యజమానులు దాన్ని తీసేసి 3528 సీసీ రోవర్ వీ8ను బిగించుకున్నారు. యాజమాన్యం ఒకటే అయినా స్టాగ్‌ను రోవర్ ఇంజిన్‌తో ఫ్యాక్టరీ ఎన్నడూ అమ్మలేదు. కనుక ఇది మార్పే. అయితే రెండూ ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లే కావడం మీకు కలిసివస్తుంది. బానెట్ ఎత్తి చూసిన మామూలు కొనుగోలుదారు తేడా పసిగట్టలేదని, అందువల్ల 2020లో బీమా తీసుకునేటప్పుడు మార్పులేమీ లేవని మీరిచ్చిన జవాబు నిజాయితీగా, తగిన జాగ్రత్తతో ఇచ్చినదేనని వాదించవచ్చు.

2024 ఆగస్టు రెన్యువల్ నుంచి పరిస్థితి మారింది. ప్రతి రెన్యువల్ ఒక కొత్త ఒప్పందం. గతంలో ఇచ్చిన వివరాలను సరిచూసి చెప్పమని కంపెనీ అడిగినప్పుడు మీరు ఊరుకుంటే, ఆ మౌనం కూడా తప్పుడు సమాచారం కిందికి రావచ్చునని 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం చెబుతోంది. బిల్లుకు డబ్బు కట్టారు, కానీ దాన్ని చదవలేదు. రెన్యువల్ కాగితాలు వచ్చాయి, వాటినీ చదవలేదు. యాభై ఏళ్ల కారును ఉంచుకునే మనిషి కాగితాలను ఇలా నిర్లక్ష్యం చేస్తే ఎలా? ఇంతకీ, కేవలం అజాగ్రత్త అని తేలడమే ఇప్పుడు మీకు మేలు. తెలిసి చెప్పిన అబద్ధమనో, నిజమో కాదో లక్ష్యపెట్టకుండా చెప్పిన మాటనో రుజువైతే కంపెనీ పాలసీని రద్దు చేసి, ప్రీమియం కూడా తిరిగి ఇవ్వకపోవచ్చు. ఆ రుజువు భారం మాత్రం కంపెనీదే. అజాగ్రత్త మాత్రమే అయితే, నిజం తెలిసి ఉంటే కంపెనీ ఏం చేసి ఉండేదన్నది చూస్తారు. మీ వద్ద 240 పౌండ్లు తీసుకున్న కంపెనీ 320 తీసుకుని ఉండేదనుకుంటే, క్లెయిములో నాలుగింట మూడు వంతులు, అంటే 8,000కు 6,000 పౌండ్లు చెల్లించాలి. అసలు బీమాయే ఇచ్చి ఉండేది కాదని చూపగలిగితేనే రద్దు చెల్లుతుంది, అప్పుడు కూడా ప్రీమియం వాపసు చేయాలి.

కనుక మొదట మీ బ్యాంకు ఖాతా చూడండి. ప్రీమియం తిరిగి వచ్చి ఉంటే, కంపెనీ మీపై అబద్ధం మోపడం లేదని, రోవర్ ఇంజిన్ ఉన్న స్టాగ్‌కు తాము బీమా ఇవ్వబోమని మాత్రమే అంటున్నదని వాదించడానికి అది మంచి ఆధారం. పాత కార్లకు ప్రత్యేకంగా బీమా చేసే కంపెనీలు ఇంజిన్ మారిన వాటిని కూడా తీసుకుంటాయి కాబట్టి, ఆ మాటను నిరూపించమని నిలదీయండి. మీ వ్యక్తిగత సమాచారం కోరుతూ కంపెనీకి దరఖాస్తు పెడితే సాధారణంగా ఒక నెలలో ఇవ్వాలి. అందులో రెన్యువల్ నోటీసుల ప్రతులనూ అడగండి. మార్పుల గురించి స్పష్టంగా అడిగారా, లేక చిన్న అక్షరాల్లో ఎక్కడో పడేశారా అన్నది మీ అజాగ్రత్త తీవ్రతను నిర్ణయిస్తుంది.

బిల్లు మార్చి రాయించుకునే ఆలోచనను ఈ క్షణమే వదిలేయండి. అది 2006 మోసాల చట్టం కింద గరిష్ఠంగా పదేళ్ల జైలుశిక్ష పడగల నేరం, రాసిచ్చిన గ్యారేజీ యజమాని కూడా అందులో ఇరుక్కుంటాడు. వ్యాట్ లెక్కల కోసం గ్యారేజీలు ఆరేళ్లపాటు పత్రాలు దాచాలి కాబట్టి అసలు బిల్లు ఎక్కడికీ పోదు. నేటి వరకు అజాగ్రత్తగా ఉన్న మీ తప్పును మీ చేతులతోనే మోసంగా మార్చుకుంటారు. మీకింకా బ్రిటిష్ పౌరసత్వం రాకపోతే, నేరం రుజువైన రోజున కారు మాట అటుంచి ఈ దేశంలో ఉండే హక్కుకే ముప్పు వస్తుంది.

గడువు మాటకు వస్తే, తుది లేఖ తేదీ నుంచి ఆరు నెలల్లో, అంటే జులై 20లోపు, బీమా వివాదాలను తీర్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయాలి. వినియోగదారుడికి ఇది ఉచితం. చివరి వారం దాకా ఆగవద్దు.

అమ్మినవాడు వ్యాపారి కాకపోయినా, వస్తువు చెప్పిన వర్ణనకు సరిపోవాలన్న 1979 సరుకుల విక్రయ చట్టం నిబంధన అతనికీ వర్తిస్తుంది. కాలపరిమితి కొన్న రోజు నుంచి ఆరేళ్లు కాబట్టి 2026 ఆగస్టుతో అది ముగుస్తుంది. మీకు తెలిసిన రోజు నుంచి లెక్కించాలంటే అతను కావాలనే దాచాడని నిరూపించాలి. అతనికి కూడా తెలియకపోయి ఉండవచ్చు. ప్రకటన ప్రతి, అతనితో జరిగిన సందేశాలు మీ దగ్గర ఉన్నాయా? అవి లేకపోతే ఈ దావాకు బలం లేదు. ఉన్నా రాబట్టగలిగేది ప్రధానంగా అసలు ఇంజిన్ ఉన్న కారుకూ ఈ కారుకూ నాటి ధరలో ఉన్న తేడాయే. రెండేళ్ల కిందట మీ చేతికొచ్చిన బిల్లు సంగతి ఎదుటి పక్షం తీస్తుంది కాబట్టి బీమా నష్టాన్ని అతనిపై వేయడం కష్టం. 10,000 పౌండ్లలోపు మొత్తం చిన్న దావాల విభాగంలో తేలుతుంది. ఒక మదింపు నిపుణుడి నివేదిక తీసుకుని, ముందుగా అతనికి నోటీసు పంపండి.

ఈలోగా ఇంజిన్ నంబరును, 3528 సీసీని లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ పత్రంలో) నమోదు చేయించడానికి, గ్యారేజీ తన లెటర్‌హెడ్‌పై ఇచ్చిన నిజమైన ధ్రువీకరణతో దాన్ని వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏకు పంపండి. నలభై ఏళ్లు దాటిన కారుకు ఎంఓటీ (ఏటా జరిగే వాహన భద్రతా తనిఖీ) మినహాయింపు దొరకాలంటే గత ముప్పై ఏళ్లలో పెద్ద మార్పు జరగలేదని యజమాని ప్రకటించాలి. పాత యజమానుల బిల్లులు వెతికి, ఇంజిన్ మార్పు అంతకు ముందే జరిగిందని చూపగలిగితేనే ఆ ప్రకటనపై సంతకం చేయండి. లేకపోతే, కారు బాగయ్యాక ఎంఓటీ చేయించిన తరువాతే రోడ్డెక్కించండి.